చార్మినార్ చూసి వెళ్లేవాళ్లు, చార్మినార్ దగ్గర ఉండేవాళ్లు

షాదీకో, ఆస్పత్రి పనికో, పిల్లల అడ్మిషన్‌కో హైదరాబాద్ వచ్చిన మన కుటుంబాలు ఎలాగోలా ఒక రోజు మిగుల్చుకుంటాయి. కర్నూలు నుంచి వచ్చినా, గుంటూరు నుంచి వచ్చినా, ఖమ్మం నుంచి వచ్చినా ఆ రోజు కార్యక్రమం దాదాపు ఒకటే. పొద్దున సాలార్‌జంగ్ మ్యూజియం, మక్కా మసీదులో జోహర్, చార్మినార్ ముందు నాలుగు ఫోటోలు, లాడ్ బజార్‌లో ఆడపిల్లలకు గాజులు, ఇంకా ఓపిక ఉంటే గోల్కొండ. రాత్రికి బస్సెక్కేస్తారు. ఊరికెళ్లి "హైదరాబాద్ చూసొచ్చాం" అని చెప్పుకుంటారు.

అందులో తప్పేమీ లేదు. ఒక్క రోజులో అంతకన్నా ఏం చూస్తారు? కానీ ఇప్పుడు ప్రభుత్వాలు పాతబస్తీ గురించి ఆలోచించేది కూడా దాదాపు ఈ ఒక్కరోజు యాత్రికుడి కళ్లతోనే. వచ్చేవాళ్లకు ఏం చూపించాలి, ఫోటోలో ఏం కనపడాలి, ఏది కనపడకూడదు అన్నదే లెక్క. ఆ కట్టడాల నీడలో పుట్టి పెరిగి, అక్కడే వ్యాపారం చేసుకుని బతికేవాళ్ల సంగతి ఆ లెక్కలో చివరన వస్తుంది. ఒక్కోసారి అసలు రాదు. దీనివల్ల నష్టం ఆ మనుషులకు మాత్రమే కాదు, చివరికి ఆ కట్టడాలకు కూడా.

ఐదు రోజుల తేడా

2025 మే నెలను గుర్తు చేసుకోండి. 13వ తేదీ సాయంత్రం మిస్ వరల్డ్ పోటీల కోసం అనేక దేశాల నుంచి వచ్చిన అమ్మాయిలను చార్మినార్ దగ్గరికి తీసుకొచ్చారు. ట్రాఫిక్ మళ్లించారు, ఎటు చూసినా పోలీసులు. లాడ్ బజార్‌లో గాజులు చూపించారు, చౌమహల్లా ప్యాలెస్‌లో విందు ఇచ్చారు. దీపాల వెలుగులో మెరిసిన చార్మినార్ టీవీల్లో, ఫోన్లలో ప్రపంచమంతా తిరిగింది. హైదరాబాద్‌కు ఇది మంచి ప్రచారమే, కాదనలేం.

సరిగ్గా ఐదు రోజులకు, 18వ తేదీ ఆదివారం పొద్దున, అదే చార్మినార్‌కు కొద్ది అడుగుల దూరంలో గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇల్లు అంటుకుంది. ముత్యాల వ్యాపారం చేసుకునే పాత కుటుంబం. కింద దుకాణాలు, పైన కాపురం. సెలవులకు బంధువులు కూడా వచ్చి ఉన్నారు. పైకీ కిందికీ ఉన్నది ఒక్కటే ఇరుకు దారి. 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు. ఫైరింజన్లు వచ్చినా సిబ్బంది లోపలికి వెళ్లడానికి నానా అవస్థ పడ్డారు. షార్ట్ సర్క్యూట్ వల్లే మంటలు పుట్టాయని అధికారులు చెప్పారు.

చనిపోయింది హిందూ కుటుంబం. సైరన్ వినపడకముందే పరుగెత్తుకొచ్చినవాళ్లలో గాజుల అంగళ్లలో పనిచేసే ముస్లిం కుర్రాళ్లు ఉన్నారు. పేపర్లు దాన్ని పెద్దగా రాశాయి. పాతబస్తీ వాళ్లకు మాత్రం అందులో వింతేమీ లేదు. పక్కింట్లో మంట లేస్తే పక్కింటివాడే కదా ముందు పరుగెత్తేది!

ఈ రెండు రోజుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రోడ్డు అదే, పోలీసు స్టేషన్లు అవే, కార్పొరేషన్ అదే. ఒక సాయంత్రం నడక కోసం ఆ ప్రాంతాన్నంతా సర్దిపెట్టగలిగారు. ఆ వెనక సందులో ఉన్న ఇళ్ల కరెంటు వైర్లను మాత్రం ఎన్ని ఏళ్లుగా ఎవరూ సరిచూడలేదు. డబ్బు లేక ఇలా జరిగిందని అనలేం. చూసే చూపులోనే లోపం ఉంది. రోడ్డు మీద నిలబడితే కనపడే గోడకు రంగు వేస్తున్నారు, ఆ గోడ వెనక ఏముందో చూడటం లేదు.

చూడటానికి కట్టింది కాదు

చార్మినార్‌ను మనం ఇప్పుడు దూరం నుంచి చూసే వస్తువుగా మార్చేశాం. మహమ్మద్ కులీ కుతుబ్ షా దాన్ని అందుకోసం కట్టలేదు. 1591లో, హిజ్రీ లెక్కన వెయ్యో సంవత్సరం దగ్గర పడ్డప్పుడు, గోల్కొండ కోట లోపల జనం ఎక్కువై, నీళ్లు తక్కువై, మూసీ నదికి ఇవతల కొత్త నగరం వేశారు. నగరం ప్లాన్ వెనక పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాది ఆలోచన ఉంది. నాలుగు దిక్కులకూ నాలుగు రోడ్లు, వాటి కూడలిలో నాలుగు మినార్ల కట్టడం. అంటే చార్మినార్ ఊరి నడుమ నాటిన గుంజ లాంటిది. రోడ్లు దాని కిందుగా వెళ్లాలి, అంగళ్లు దాని చుట్టూ ఉండాలి, జనం దాని నీడలో నిలబడాలి. పై అంతస్తులో మసీదు కట్టారు. సుమారు 56 మీటర్ల ఎత్తున్న ఆ మినార్లు ఊళ్లో ఎక్కడున్నా దారి తెలియడానికి గుర్తు.

ఉత్తరాన కొంచెం నడిస్తే నాలుగు పెద్ద కమాన్లు వస్తాయి, వాటి మధ్యలో నీటి హౌజు. అదే గుల్జార్ హౌజ్. ఒకప్పుడు రాజభవనాలకు దారి అటునుంచే. ఆ భవనాలు ఇప్పుడు లేవు. కమాన్లు ఉన్నాయి, కొన్నింటి మీద దుకాణాల బోర్డులు, వైర్లు. మన యాత్రికుల్లో ఎక్కువమంది చార్మినార్ దగ్గరే ఆగి వెనక్కి తిరుగుతారు. ఐదు నిమిషాలు నడిస్తే కమాన్లు, ఇంకో పది నిమిషాలు నడిస్తే పత్తర్‌గట్టి దాటి బాద్‌షాహీ ఆషూర్‌ఖానా. 1594లో కట్టిన ఆ ఆషూర్‌ఖానాలో రంగురంగుల పెంకుల పని ఇప్పటికీ ఉంది. 1908లో మూసీ వరద వచ్చి కింది భాగాన్ని పాడుచేసినా పైన ఉన్న పని చూస్తే కళ్లు తిప్పుకోలేం. హైదరాబాద్ చూశామని చెప్పే మనలో ఎందరు దాన్ని చూశారు?

మనకు, అంటే తెలుగు మాట్లాడే ముస్లింలకు, ఈ నగరంతో ఇంకో బంధం ఉంది. ఉర్దూ రాకపోతే ముస్లిమేనా అని ఒకరు, ముస్లిం అయ్యుండి ఇంత తెలుగేంటని ఇంకొకరు అడుగుతూనే ఉంటారు. కులీ కుతుబ్ షా తండ్రి ఇబ్రహీం కులీ కుతుబ్ షా చిన్నప్పుడు విజయనగరంలో ఆశ్రయం పొందాడు, తెలుగు వంటబట్టించుకున్నాడు. తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితం ఇచ్చాడు. ఆ కొలువులోని అమీన్ ఖాన్‌కు పొన్నగంటి తెలగన యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. సంస్కృతం కలవని అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యంగా పేరు పొందింది అది. 1578 నాటి పురానాపూల్ కూడా ఇబ్రహీం కాలందే. ఈ సంగతులు చార్మినార్ దగ్గర ఏ బోర్డు మీదా పెద్ద అక్షరాలతో రాసి ఉండవు. మన పిల్లలకు మనమే చెప్పాలి. మీ ఇంటి భాష, మీ మతం ఒకే కప్పు కింద ఇమిడిపోయాయని చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంది?

రక్షణ రాళ్లకేనా?

చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. 2010లో సవరించిన చట్టం ప్రకారం ఇలాంటి కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కుదరదు. ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకునే కట్టాలి. ఈ నిబంధన మంచిదే. లేకపోతే ఈపాటికి చార్మినార్ పక్కన పది అంతస్తుల మాల్ లేచి ఉండేది.

కానీ ఆ గీత లోపల ఉండే కుటుంబం వైపు నుంచి చూడండి. కొత్తగా కట్టలేరు. మరమ్మతుకైనా కాగితాలు పట్టుకుని తిరగాలి. తిరిగే ఓపిక లేనివాళ్లు ఏ అనుమతీ లేకుండా రాత్రికి రాత్రి ఒక గోడ పెంచేస్తారు, ఒక గదిని రెండు చేస్తారు, కిటికీ మూసేసి ఏసీ పెడతారు. అన్నదమ్ములు విడిపోయినప్పుడల్లా మెట్లదారి ఇంకొంచెం ఇరుకవుతుంది. చట్టం బయటి రూపాన్ని కాపాడింది, లోపలి బతుకు మాత్రం అగ్గిపెట్టెలా మారింది. గీత గీసినవాళ్లే ఆ గీత లోపలివాళ్లకు మరమ్మతులో సాయం చేసి ఉంటే, సున్నం పని తెలిసిన మేస్త్రీని, ఎలక్ట్రీషియన్‌ను, తక్కువ వడ్డీ అప్పును అందుబాటులో పెట్టి ఉంటే కథ వేరేలా ఉండేది.

పోనీ రాళ్లయినా భద్రంగా ఉన్నాయా అంటే అదీ పూర్తిగా లేదు. 2019 మే మొదట్లో చార్మినార్ మినారు నుంచి గచ్చు నగిషీ పెచ్చు ఊడి కిందపడింది. రాత్రి పూట కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. బండ్ల కదలిక, పొగ, వానలు, పాత మరమ్మతుల్లో చేసిన పొరపాట్లు, ఇలా ఎన్నో అనుమానాలు వినపడ్డాయి. చార్మినార్ చుట్టూ బండ్లు ఆపి నడిచేవాళ్లకే వదిలే పథకం రెండు దశాబ్దాలకు పైగా సాగుతూనే ఉంది. రాతి పలకలు పరిచారు, బండ్లను చాలావరకు ఆపారు. అయితే బండ్లు తిరగడానికి వేయాల్సిన చుట్టు రోడ్లు, నిలపడానికి పార్కింగు, తోపుడు బండ్ల వాళ్లకు ఖాయమైన చోటు మాత్రం సగంలోనే ఉన్నాయి.

కేంద్రం చేతిలో లేని పాత కట్టడాల సంగతి ఇంకా ఘోరం. దేవిడీలు, హవేలీలు, కమాన్లు, పాత మార్కెట్లు వందల్లో ఉండేవి. వాటికి కొంత రక్షణ ఇచ్చిన పాత హుడా నిబంధనను 2015లో తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఈ మధ్యలో ఎన్ని గోడలు నేలమట్టమయ్యాయో పాతబస్తీ సందుల్లో తిరిగేవాళ్లకు తెలుసు. ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కడతామన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేయాల్సి వచ్చింది. ఉస్మానియా ఆస్పత్రి భవనం కూల్చాలా నిలపాలా అన్న గొడవ ఏళ్ల తరబడి నడిచింది. చివరికి గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన చేశారు. రోగులకు కొత్త భవనం కావాలి, అందులో రెండో మాట లేదు. మరి విన్సెంట్ ఎష్ గీసిన ఆ పాత భవనం ఖాళీ అయ్యాక దాన్ని ఎవరు చూసుకుంటారు? ఖాళీ అయిన భవనం ఎంత తొందరగా పాడవుతుందో మన ఊళ్లలో తాళం వేసిన తాతల ఇళ్లను చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇబ్రహీం బాగ్ చెప్పే సంగతి

అన్నీ చెడ్డ వార్తలే అనుకోవద్దు. గోల్కొండ పక్కన ఇబ్రహీం బాగ్‌లో కుతుబ్ షాహీ సమాధులు ఉన్నాయి. ఏడెనిమిదేళ్ల కింద చూసినవాళ్లు ఇప్పుడు వెళ్తే గుర్తుపట్టలేరు. ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2013లో పని మొదలుపెట్టి, 2024 జులైలో పూర్తయినట్టు ప్రకటించాయి. 106 ఎకరాలు. సమాధులు, మసీదులు, హమామ్, బావులు అన్నీ కలిపి వందకు పైగా కట్టడాలు. ఒక రాజవంశం వాళ్ల సమాధులు ఒకేచోట ఇంత పెద్ద ఎత్తున ఉన్న చోట్లు ప్రపంచంలోనే తక్కువ.

ఆ పని ఎలా చేశారన్నది ముఖ్యం. ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతు పేరుతో పూసిన సిమెంటును గీకి తీసేశారు. సిమెంటు లోపలి తేమను బయటికి పోనివ్వదు, పాత రాయిని, సున్నాన్ని లోపలినుంచే తినేస్తుంది. దాని బదులు పాత పద్ధతిలో సున్నం గచ్చు కలిపి, చేతిపని తెలిసిన మేస్త్రీలతో చేయించారు. పూడిపోయిన మెట్ల బావులను తవ్వి బాగుచేస్తే మళ్లీ వాన నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లే తోటకు వాడారు. ఈ బావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. అంతకుముందు 2010లో చౌమహల్లాకు కూడా యునెస్కో అవార్డు వచ్చింది. పాడుబడ్డ ఆ ప్యాలెస్‌ను ప్రిన్సెస్ ఎస్రా చొరవతో బాగుచేసి 2005లో జనానికి తెరిచారు.

అంటే మనకు చేతకాక కాదు. పదేళ్లు ఓపిగ్గా, పని తెలిసినవాళ్ల చేతికి అప్పగిస్తే జరుగుతుంది. కానీ ఒక తేడా గమనించాలి. ఇబ్రహీం బాగ్‌లో ప్రహరీ ఉంది, లోపల ఎవరూ కాపురం ఉండరు. చౌమహల్లాకు గేటు ఉంది, టికెట్ ఉంది. చార్మినార్ సంగతి వేరు. దాని చుట్టూ ఉన్నది జనం. అక్కడ సున్నం పనితో సరిపోదు, మనుషులతో కూర్చుని మాట్లాడే పని కూడా ఉంటుంది. ఆ రెండో పని మన ప్రభుత్వాలకు ఇంకా అలవాటు కాలేదు.

మెట్రో వస్తోంది, మంచిదే

ఈ అలవాటు లేకపోవడం ఎలా ఉంటుందో మెట్రో విషయంలో చూస్తున్నాం. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల లైనుకు 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. 2025 జనవరిలో కూల్చివేతలు మొదలయ్యాయి. స్టేషన్లకు సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ అన్న పేర్లు పెట్టారు. అవి ఆ కట్టడాలకు దాదాపు అర కిలోమీటరు దూరంలో వస్తాయని అధికారులు చెబుతున్నారు.

పాతబస్తీకి మెట్రో రావాలని అడిగింది పాతబస్తీ వాళ్లే. మిగతా నగరానికి 2017లోనే మెట్రో వచ్చింది, ఇక్కడే ఆగిపోయింది. కాలేజీకి వెళ్లే ఆడపిల్లకు, ఉద్యోగానికి పోయే కుర్రాడికి అది పెద్ద సాయం. ఆ మేరకు ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఎతెబార్ చౌక్, షాలిబండ మీదుగా పోయే ఆ రోడ్డు మామూలు రోడ్డు కాదు. రెండు వైపులా పాత మసీదులు, ఆషూర్‌ఖానాలు, గుళ్లు, దర్గాలు, వందేళ్ల నాటి ఇళ్లు. మతపరమైన కట్టడాలకు, వారసత్వ కట్టడాలకు దెబ్బ తగలకుండా పిల్లర్ల చోటు మార్చామని అధికారులు చెప్పారు. కొందరు నమ్మలేదు, విషయం హైకోర్టు దాకా వెళ్లింది.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న కట్టడాల గురించి మాత్రమే కాదు. ఆ రోడ్డు మీద దుకాణం ఉన్నవాడికి స్థలం సొంతమైతే పరిహారం వస్తుంది. అందులో నలభై ఏళ్లుగా అద్దెకున్న టైలర్ సంగతేంటి? ముందు అరుగు మీద కూర్చుని గడియారాలు బాగుచేసే చాచా సంగతేంటి? వాళ్లకు పట్టా లేదు, కాబట్టి లెక్కలో లేరు. రేపు మెట్రో దిగి చార్మినార్ చూడ్డానికి వచ్చేవాళ్లు చూడాలనుకునేది వాళ్లనే కదా. పెద్ద బ్రాండ్ల షోరూములు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి.

ప్రపంచ వారసత్వం రాకపోవడానికి కారణం

గోల్కొండ, కుతుబ్ షాహీ సమాధులు, చార్మినార్‌లను కలిపి 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో పెట్టారు. 15 ఏళ్లు దాటింది, అక్కడే ఉన్నాయి. ఈలోగా 2021లో మన రామప్ప గుడికి ఆ గుర్తింపు వచ్చింది. అందరం సంతోషించాం. రామప్ప పల్లెలో, చెరువు పక్కన, చుట్టూ ఖాళీ స్థలంతో ఉంది. చార్మినార్ కోటి మంది నగరం నడుమ ఉంది. యునెస్కో కట్టడం ఎంత గొప్పదన్నది ఒక్కటే చూడదు. దాని చుట్టుపక్కలను ఎలా చూసుకుంటున్నారు, రేపటికి ఏం ప్లాన్ ఉంది అని కూడా అడుగుతుంది. ఆ రెండో ప్రశ్న దగ్గరే మన జవాబు బలహీనం.

గమ్మత్తేమిటంటే, జనంతో ముడిపడ్డ వాటికి హైదరాబాద్‌కు గుర్తింపు తేలిగ్గానే వచ్చింది. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను వంటల నగరంగా సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. 2024లో లాడ్ బజార్ లక్క గాజులకు జీఐ గుర్తింపు దక్కింది. బిర్యానీ వండేది, హలీమ్ కలిపేది, లక్క కాచి గాజు మీద రాళ్లు అద్దేది ఎవరు? ఆ సందుల్లో ఉండేవాళ్లే. లక్క గాజుల పని చాలావరకు ఇంట్లో, నిప్పుల కుంపటి పక్కన, గాలాడని గదుల్లో జరుగుతుంది. అందులో మన అక్కాచెల్లెళ్లు ఎంతోమంది. గాజుకు గుర్తింపు ఇచ్చి, గాజు చేసే చేతిని ఆ పొగలోనే వదిలేస్తే ఆ గుర్తింపు వల్ల ఎవరికి లాభం? అంగడిలో కూర్చున్నవాడికి దక్కితే దక్కుతుందేమో.

ఇప్పుడు అడగాల్సినవి

ప్రభుత్వాన్ని కొత్త పథకం అడగక్కర్లేదు. ఉన్నవాటినే మనుషుల వైపు తిప్పమని అడిగితే చాలు.

మొదటిది, చార్మినార్ చుట్టుపక్కల పాత ఇళ్లన్నింటికీ కరెంటు వైరింగు, మెట్లదారి తనిఖీ. నోటీసులిచ్చి జరిమానా వేసే తనిఖీ అయితే జనం తలుపులు మూసుకుంటారు. బాగుచేయించి ఇచ్చే తనిఖీ కావాలి.

రెండోది, తోపుడు బండ్లు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్లను లెక్కించి, కార్డులిచ్చి, చోటు చూపించాలి. వీఐపీ వచ్చినప్పుడల్లా తరిమేసి, మర్నాడు మళ్లీ రానిచ్చే పద్ధతి ఎవరికీ మర్యాద కాదు.

మూడోది, ఆడవాళ్లకు మరుగుదొడ్లు. చిన్న పిల్లలతో, పెద్ద వయసు అమ్మీలతో వచ్చిన ఏ కుటుంబాన్ని అడిగినా మొదట చెప్పేది ఇదే. ఇది లేకపోవడం వల్లే మన ఆడవాళ్లు గంటలో వెనక్కి తిరుగుతారు. యాత్రికులు ఎక్కువసేపు ఉండాలి, ఎక్కువ కొనాలి అని పర్యాటక శాఖ కోరుకుంటే ఇక్కడినుంచే మొదలుపెట్టాలి.

నాలుగోది, శుక్రవారం. మక్కా మసీదులో జుమ్మా చదవాలని జిల్లాల నుంచి కుటుంబాలు వచ్చేది శుక్రవారమే. ఆ రోజే సాలార్‌జంగ్‌కూ సెలవు, చౌమహల్లాకూ సెలవు. సిబ్బందికి వారంలో ఒక రోజు సెలవు కావాల్సిందే. కానీ రెండూ ఒకే రోజు మూయాలా? ఒకటి సోమవారానికి మారిస్తే వేలమందికి మేలు.

ఐదోది, బోర్డులు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు మూడింట్లో, తేదీలు తప్పుల్లేకుండా, పిల్లలు చదివి అర్థం చేసుకునేలా ఉండాలి. ఇప్పుడు చరిత్రను చాలామంది వాట్సాప్‌లో నేర్చుకుంటున్నారు. కట్టడం పక్కన నిజం రాసి లేకపోతే ఆ ఖాళీలో అబద్ధం కూర్చుంటుంది. ఊరి పేరు మార్చాలనే నినాదాలు ఎన్నికలు వచ్చినప్పుడల్లా వింటున్నాం. ఏటా ఆషాఢ బోనాలు గోల్కొండ కోటలోని జగదాంబ గుడి దగ్గరే మొదలవుతాయి. సుల్తాన్ల కోటలో తెలంగాణ బోనం ఎత్తుకునే ఈ మామూలు సంగతి ఒక్కటి చాలు, ఆ నినాదాలకు జవాబుగా.

మన వంతు

ప్రభుత్వాన్ని అడిగేది అడుగుదాం. మన వైపు కూడా కొంచెం చూసుకుందాం. గోల్కొండ గోడల మీద పేర్లు చెక్కేది పరాయి దేశం వాళ్లు కాదు. మక్కా మసీదు ఆవరణలో పావురాలకు గింజలు వేసి, ప్లాస్టిక్ కవరు అక్కడే పడేసేది కూడా మనమే. 1617లో మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టి, 1694లో ఔరంగజేబు కాలంలో ముగించిన మసీదు అది. దాదాపు ఎనభై ఏళ్ల పని. పది నిమిషాల్లో మనం దాన్ని మురికి చేయగలం.

ఈసారి హైదరాబాద్ వచ్చినప్పుడు ఆ ఒక్క రోజును కాస్త వేరేలా వాడండి. చూసే చోట్లు తగ్గించి, ఒక్కో చోట ఎక్కువసేపు ఉండండి. గోల్కొండ, ఇబ్రహీం బాగ్ పక్కపక్కనే కాబట్టి ఒక పూట వాటికే ఉంచండి. కోట ద్వారం కింద చప్పట్లు కొట్టి పైకి వినపడుతుందా లేదా అని పిల్లలు ఎలాగూ చూస్తారు. ఆ తర్వాత మెట్ల బావుల దగ్గరికి తీసుకెళ్లి, నీళ్లు ఎక్కడినుంచి వచ్చేవో వాళ్లనే కనుక్కోమనండి. పదిహేనేళ్ల లోపు పిల్లలకు చార్మినార్, గోల్కొండల్లో టికెట్ కూడా అక్కర్లేదు. ఇంకో పూట పాతబస్తీకి ఇచ్చి, చార్మినార్ దగ్గర ఆగిపోకుండా కమాన్ల దాకా నడవండి. గాజులు కొనేటప్పుడు బేరం ఆడండి, అది మన హక్కు! కానీ ఎవరు చేశారు, ఎక్కడ చేశారు అని కూడా ఒక మాట అడగండి.

గుల్జార్ హౌజ్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 1591 నాటి రాయి ఇంకా నిలబడే ఉంది. దాని పక్కనే ఉన్న ఇంట్లో 17 మంది ఒక్క పొద్దుటిపూట పోయారు. ఆ ఇంటికి రెండో దారి ఉండి ఉంటే వాళ్లలో ఎంతమంది మిగిలేవాళ్లో! తర్వాతి ఉత్సవానికి దీపాలు పెట్టేముందు ఆ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లకు రెండో దారి ఉందో లెక్క చెప్పమని మన ఎమ్మెల్యేలను, కార్పొరేటర్లను అడుగుదాం. చార్మినార్‌కు చేసే సేవ అక్కడినుంచే మొదలవ్వాలి.